పోటీ పరీక్షల ఇంగ్లిష్‌కు బ్రిటిష్ కౌన్సిల్ ‘లెర్న్‌ఇంగ్లిష్’ సైట్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందు తీర్పు చెప్పేసి వివరాల్లోకి వెళ్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే సీజీఎల్‌కో, బ్యాంకు పరీక్షలకో, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కో, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌కో సిద్ధమవుతున్నవాళ్లకు పైసా ఖర్చు లేకుండా దొరికే వాటిలో బ్రిటిష్ కౌన్సిల్ వారి ‘లెర్న్‌ఇంగ్లిష్’ వెబ్‌సైట్ చాలా మంచిది. గ్రామర్ విభాగం బాగుంది, రీడింగ్ విభాగం ఇంకా బాగుంది. వొకాబులరీ విభాగం మాత్రం పోటీ పరీక్షల స్థాయికి చాలదు. ఈ సైట్ మీకు రానిదేదో చూపించి నేర్పుతుంది కానీ, గడియారం పెట్టి, నెగెటివ్ మార్కులు వేసి పరీక్ష పెట్టదు. మాక్ టెస్టుల బదులు దీన్ని పెట్టుకున్నవాళ్లకు నిరాశ తప్పదు. మాక్ టెస్టులో పోయిన మార్కు ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి వాడుకుంటే మాత్రం ఏ కోచింగ్ మెటీరియల్‌కూ తీసిపోదు.

సైట్‌లో పాఠాలన్నీ ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1 అనే స్థాయిల వారీగా ఉంటాయి. ఇవి యూరప్‌లో పుట్టిన కొలమానం ప్రకారం పెట్టినవి, ఏ1 అంటే ఆరంభం. మన పరీక్షల నోటిఫికేషన్లలో ఈ అక్షరాలు కనిపించవు కాబట్టి ఒక అంచనా పెట్టుకోవాలి. టెట్, డీఎస్సీ ఇంగ్లిష్ బిట్లకు బీ1 గట్టిగా వస్తే చాలు. సీజీఎల్‌కు, బ్యాంకు ప్రిలిమ్స్‌కు బీ2 కావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో 5.5 నుంచి 6.5 వరకు బీ2, 7 నుంచి 8 వరకు సీ1 కిందకు వస్తాయి. సైట్‌లో ఉచిత లెవెల్ టెస్ట్ ఒకటి ఉంది. అందులో వచ్చిన స్థాయి కంటే ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టడం మేలు. చూసి గుర్తుపట్టడం వేరు, నలభై సెకన్లలో తప్పు పట్టడం వేరు.

గ్రామర్: టెస్ట్ 1లోనే ఉంది అసలు విలువ

గ్రామర్ విభాగంలో ఏ1–ఏ2, బీ1–బీ2, సీ1 అని మూడు అరలు ఉంటాయి. ఇవి కాక, వెతుక్కోవడానికి వీలుగా ఒక గ్రామర్ రిఫరెన్స్ ఉంది. ప్రతి పాఠం అమరిక ఒకటే: నాలుగైదు ఉదాహరణ వాక్యాలు, వెంటనే గ్రామర్ టెస్ట్ 1, ఆ తర్వాత వివరణ, చివర గ్రామర్ టెస్ట్ 2. సరిగ్గా వాడితే ఈ వరసే సైట్‌కు ప్రాణం. మనవాళ్లు ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, కిందికి జరిపి ముందు వివరణ చదివేసి, పైకి వచ్చి టెస్ట్ రాయడం. అలా చేస్తే పది నిమిషాల జ్ఞాపకశక్తికి మార్కులు వేసుకున్నట్టే. అంతకుముందు మీకు ఏం వచ్చో, ఏం రాదో ఎప్పటికీ తెలియదు.

వివరణ చూడకుండా టెస్ట్ 1 రాయాలి. అన్నీ కరెక్ట్ అయితే ఆ పాఠం వదిలేసి ముందుకు వెళ్లిపోవచ్చు, నష్టం లేదు. ఒకటి పోతే వివరణలో ఆ ముక్క ఒక్కటే చదవాలి. రెండో మూడో పోతే వివరణ మొత్తం చదివి, ఉదాహరణ వాక్యాలను చేత్తో రాసుకోవాలి. టెస్ట్ 2ను అదే పూట రాయకండి, ఓ వారం ఆగి రాయండి. అప్పుడు వచ్చే మార్కే నిజమైన మార్కు. పాఠాలన్నీ వరసగా పూర్తిచేయాలనే పంతం కూడా అక్కర్లేదు. బీ1–బీ2 అరలోనే పాఠాలు చాలా ఉన్నాయి. అన్నీ చదివేలోపు హాల్ టికెట్ వచ్చేస్తుంది.

తెలుగు మాట్లాడేవాళ్లకు ముందు ఏవి అంటే, మా లెక్క ఇది. మొదట పాస్ట్ సింపుల్, ప్రెజెంట్ పర్‌ఫెక్ట్. ‘నిన్న చూశాను’ అన్నా ‘ఇప్పుడే చూశాను’ అన్నా తెలుగులో క్రియ ఒకటే. అందుకే ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అన్న వాక్యంలో తప్పు మన చెవికి తగలదు. ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నల్లో, ఇది పదే పదే వచ్చే బిట్. గడిచిపోయిన సమయాన్ని సూచించే మాట ఉంటే ‘హావ్’ రాదు, అంతే సంగతి. దాని పక్కనే ‘సిన్స్ టెన్ ఇయర్స్’ అనే తప్పు ఉంటుంది. కాలం పొడవు చెబితే ‘ఫర్’, మొదలైన క్షణం చెబితే ‘సిన్స్’. రెండోది ఆర్టికల్స్. ఏ1–ఏ2 అరలో ఉన్నాయి కదా అని చిన్నచూపు చూడకండి, అక్కడ ‘ద’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఏదీ పెట్టకూడదు అన్నదానికి విడిగా పాఠం ఉంది. మూడోది స్టేటివ్ వెర్బ్స్, అంటే పనిని కాక స్థితిని చెప్పే క్రియలు. ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అని పొద్దున్నుంచి రాత్రి దాకా వింటూ ఉంటాం కాబట్టి పరీక్షలో అది ఒప్పులాగే కనిపిస్తుంది. నాలుగోది రిపోర్టెడ్ స్పీచ్‌లో ప్రశ్నలు. ‘హీ ఆస్క్‌డ్ మీ వేర్ వాజ్ ఐ గోయింగ్’ తప్పు, ‘వేర్ ఐ వాజ్ గోయింగ్’ ఒప్పు. టెట్, డీఎస్సీ రాసేవాళ్లు క్వశ్చన్ ట్యాగ్స్ పాఠాన్ని కూడా ఈ వరసలో కలుపుకోవాలి. మన ‘కదా’కు అలవాటు పడ్డ నాలుక అన్నిచోట్లా ‘ఇజింట్ ఇట్’ అనేస్తుంది.

ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. బీ1–బీ2లో ‘ఆల్‌దో, డిస్‌పైట్’ లాంటి వాటితో వ్యతిరేక భావాలను కలపడం మీద పాఠం ఉంది. సారాంశం చిన్నదే. ‘ఆల్‌దో’ తర్వాత కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి. ‘డిస్‌పైట్’, ‘ఇన్ స్పైట్ ఆఫ్’ తర్వాత నామవాచకమో ‘ఐఎన్‌జీ’ రూపమో రావాలి. కాబట్టి ‘ఆల్‌దో ఇట్ వాజ్ రెయినింగ్’ ఒప్పు, ‘డిస్‌పైట్ ద రెయిన్’ ఒప్పు, ‘డిస్‌పైట్ ఇట్ వాజ్ రెయినింగ్’ తప్పు. సైట్ ఇంతవరకు చక్కగా చెబుతుంది. దీని మీద పేపర్ సెట్ చేసేవాళ్లు వేసే ఉచ్చులు రెండు. ఒకటి ‘డిస్‌పైట్ ఆఫ్’. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ చెవిలో మోగుతూ ఉంటుంది కాబట్టి ఆ ‘ఆఫ్’ కంటికి ఆనదు. రెండోది ‘ఆల్‌దో హీ వాజ్ టైర్డ్, బట్ హీ వర్క్‌డ్’. తెలుగులో ‘అలసిపోయినా కానీ పనిచేశాడు’ అనడం మామూలే కదా, అందుకని ఆ ‘బట్’ అదనమని తోచదు. ఈ రెండింటినీ పాఠం పక్కన మీ నోట్సులో మీరే చేర్చుకోవాలి. అలా ప్రతి పాఠానికీ పాత పేపర్ల నుంచి రెండు మూడు ఉచ్చులు జతచేసుకుంటే ఆ నోట్సు బజారులో దొరికే ఏ గైడ్ కంటే మెరుగ్గా తయారవుతుంది.

సీ1 అర చిన్నది. అయినా ‘నెవర్’, ‘హార్డ్‌లీ’ లాంటివి వాక్యం మొదట వస్తే సహాయక క్రియ కర్తకు ముందు రావడం మీద ఉన్న పాఠాన్ని సీజీఎల్ వాళ్లు వదలకూడదు. ‘హార్డ్‌లీ హ్యాడ్ హీ రీచ్‌డ్ ద స్టేషన్ వెన్’, ‘నో సూనర్ హ్యాడ్ హీ రీచ్‌డ్ దాన్’. ‘హార్డ్‌లీ’కి జత ‘వెన్’, ‘నో సూనర్’కి జత ‘దాన్’. వీటిని తారుమారు చేసి ఇవ్వడం ఎర్రర్ స్పాటింగ్‌లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు.

బ్రిటన్ వాడుకకూ మన ఆన్సర్ కీకూ పేచీ వచ్చే చోట్లు

ఈ సైట్ ఇవాళ బ్రిటన్‌లో జనం ఎలా మాట్లాడుతున్నారో, ఎలా రాస్తున్నారో చెబుతుంది. మన కమిషన్ల ఆన్సర్ కీలు ఎక్కువగా పాత గ్రామర్ పుస్తకాల పద్ధతిని పట్టుకుని ఉంటాయి. నూటికి తొంభై చోట్ల రెండూ కలుస్తాయి. కలవని చోట సైట్‌ను నమ్ముకుంటే మార్కు పోతుంది.

ఉదాహరణకు టీమ్, ఫ్యామిలీ, గవర్నమెంట్ లాంటి సమూహ నామవాచకాలు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో వాటి తర్వాత ఏకవచన క్రియ పెట్టినా, బహువచన క్రియ పెట్టినా చెల్లుతుంది, సైట్ కూడా అలాగే చెబుతుంది. సీజీఎల్ లాంటి పరీక్షల్లో మాత్రం గుంపంతా ఒక్కటిగా పనిచేస్తే ఏకవచనం, సభ్యులు విడిపోతే బహువచనం అన్న పాత సూత్రమే నడుస్తుంది. ‘ద జ్యూరీ వర్ డివైడెడ్ ఇన్ దెయిర్ ఒపీనియన్స్’ అనే వాక్యం ఆ సూత్రం కోసమే తరాలుగా బతుకుతోంది. ‘ఇఫ్ ఐ వాజ్ యూ’ అని మాట్లాడేవాళ్లు ఎందరున్నా పరీక్షలో ‘వర్’ మాత్రమే ఒప్పు. ఇద్దరైతే ‘బిట్వీన్’, ‘ఈచ్ అదర్’, ఇద్దరు దాటితే ‘అమాంగ్’, ‘వన్ అనదర్’ అన్న విభజనను నిజజీవితంలో ఎవరూ అంత పట్టించుకోరు, పేపర్ సెట్ చేసేవారు పట్టించుకుంటారు. ‘ప్రిఫర్’, ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ తర్వాత ‘దాన్’ కాకుండా ‘టు’ రావడం, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ తర్వాత ‘ఈజ్’ రావడం, ‘యాజ్ వెల్ యాజ్’ వచ్చినప్పుడు మొదటి కర్తను బట్టి క్రియ మారడం మీద మన పరీక్షలు అడిగేంత సాధన ఈ సైట్‌లో దొరకదు. వీటికి పాత పేపర్లే గతి.

స్పెల్లింగ్ విషయంలో మాత్రం సైట్‌ది మనకు కలిసొచ్చే పద్ధతే, మన పరీక్షలవీ బ్రిటిష్ స్పెల్లింగులే. ఫోన్ కీబోర్డ్ అమెరికన్ ఇంగ్లిష్‌లో పెట్టుకుని ఉంటే అది రోజూ తప్పు స్పెల్లింగులు నేర్పుతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ ఇండియా గానీ యూకే గానీ పెట్టుకోండి.

వొకాబులరీ: ఆ విభాగం వదిలేసి రీడింగ్‌లో ఏరుకోండి

వొకాబులరీ విభాగంలో బట్టలు, తిండి, ప్రయాణం వంటి అంశాల వారీగా మాటలు, బొమ్మలు, జతపరిచే అభ్యాసాలు ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చి అప్పుడే ఇంగ్లిష్ మొదలుపెట్టినవాళ్లకు హాయిగా ఉంటుంది. సీజీఎల్‌లో వచ్చే పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ఇడియమ్స్, ఒక్క మాటలో చెప్పేవి, అంటే వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్స్, అక్కడ దొరకవు. ఇడియమ్స్, వన్ వర్డ్స్ పాత పేపర్ల నుంచి నేర్చుకోవాల్సిందే. అక్కడ మాటలు మళ్లీ మళ్లీ తిరిగి వస్తాయి కాబట్టి ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.

రీడింగ్ పాఠాల మొదట్లో వచ్చే ప్రిపరేషన్ అభ్యాసం మాత్రం బంగారం. ఆ పాఠంలో వచ్చే కష్టమైన మాటలు కొన్నిటిని, వాటి అర్థాలను ఇచ్చి జతపరచమంటారు. బీ2, సీ1 పాఠాల్లో ఈ మాటలు సరిగ్గా బ్యాంకు పరీక్షల ప్యాసేజీల్లో వచ్చే తరహావి. వీటిని నోట్సులో రాసుకునేటప్పుడు మాట, తెలుగు అర్థం అని రెండు గడులు గీసి వదిలేస్తే ఖాళీలు పూరించే ఫిల్లర్స్‌లో ఉపయోగపడవు. మాట పక్కన అది వచ్చిన వాక్యం, దాని వెంట వచ్చే ప్రిపోజిషన్, ఆ మాటకే మరో రూపం కూడా రాయాలి. ‘కోప్’ అని కాకుండా ‘కోప్ విత్’ అని రాసుకుంటే, పేపర్లో ‘కోప్ అప్ విత్’ కనిపించగానే పెన్ను ఆగుతుంది. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్ రాదు’ అని రాసుకోండి. ‘కంప్రైజ్’ పక్కన ‘ఆఫ్ రాదు’ అని రాసుకోండి.

ఈ పనికి తోడుగా ఆన్‌లైన్ కేంబ్రిడ్జ్ డిక్షనరీ పెట్టుకోవాలి, అదీ ఉచితమే. చాలా మాటల పక్కన అది ఏ1 నుంచి సీ2 వరకు ఏ స్థాయి మాటో చూపిస్తుంది. నామవాచకాల పక్కన లెక్కపెట్టదగినదైతే ‘సీ’ అని, కానిదైతే ‘యూ’ అని గుర్తు ఉంటుంది. ‘ఫర్నిచర్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’, ‘అడ్వైసెస్’, ‘సీనరీస్’ అని వచ్చే బిట్లన్నీ ఆ ఒక్క అక్షరం చూసే అలవాటుతో తేలిపోతాయి.

రీడింగ్: చెప్పిన వరసను కాస్త మార్చాలి

ఒక్కో రీడింగ్ పాఠంలో ప్రిపరేషన్, చదవాల్సిన భాగం, రెండు టాస్కులు, చివర చర్చకు ఒక ప్రశ్న ఉంటాయి. వర్క్‌షీట్‌ను పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, జవాబులు దాని చివర ఉంటాయి. ముందు ప్రిపరేషన్ చేసి తర్వాత చదవమని సైట్ చెబుతుంది. భాష నేర్చుకునేవాళ్లకు అది సరైన సలహా. పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు మొదటి నాలుగైదు పాఠాల తర్వాత ఈ వరసను తిరగేయాలి, ఎందుకంటే పరీక్షలో ఎవరూ ముందుగా అర్థాలు ఇవ్వరు. నేరుగా చదివి, టాస్కులు చేసి, తెలియని మాటల అర్థం సందర్భాన్ని బట్టి ఊహించి పక్కన పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాత ప్రిపరేషన్‌లో సరిచూసుకోండి. ఊహ ఎంతవరకు నిలిచిందో అప్పుడు తెలుస్తుంది.

బీ2లో అరటికి వచ్చిన ముప్పు మీద ఒక పాఠం ఉంది. 1950లలో మధ్య అమెరికా తోటలను ఏలిన గ్రో మిషెల్ రకం ఒక శిలీంధ్రం వల్ల ఎలా దెబ్బతిన్నదీ, దాని స్థానంలోకి వచ్చిన కావెండిష్‌కు ఇప్పుడు అదే కష్టం ఎలా వచ్చిందీ చెబుతుంది. విత్తనం నుంచి కాకుండా పిలకల నుంచి మొక్కలు పెంచడం వల్ల తోటంతా ఒకే జన్యువుతో ఉండి, తెగులు ఒకదానికి వస్తే అన్నిటికీ రావడం అందులో కీలకం. కోనసీమ వాళ్లకో పులివెందుల వాళ్లకో పిలకల గురించి, పనామా తెగులు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన దగ్గర టిష్యూ కల్చర్ మొక్కలుగా నాటే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ వర్గానిదే. అందుకే ఇలాంటి పాఠం మనవాళ్లకు సులువుగా ఎక్కుతుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ప్యాసేజీలో లేని సంగతి మనకు తెలిసి ఉంటే, ఆ తెలిసినదాన్ని బట్టి జవాబు పెట్టేస్తాం. రావులపాలెం అరటి మార్కెట్ గురించి మీకు ఎంత తెలిసినా సరే, జవాబు ప్యాసేజీ గీత దాటి బయటికి రాకూడదు.

ఒక పేరాలో ఇలా ఉందనుకోండి: ‘కొత్త రకానికి తెగులును తట్టుకునే శక్తి ఉంది. కానీ తొక్క పాతదానికంటే పలచన కావడంతో ఓడల్లో పంపేటప్పుడు త్వరగా దెబ్బతినేది.’ దీని మీద ‘రవాణాకు పాతదానికంటే కొత్త రకమే అనువు’ అన్న వాక్యం వస్తే అది తప్పు, ఎందుకంటే పేరా దానికి ఎదురు చెబుతోంది. ‘కొత్త రకం పాతదానికంటే తియ్యన’ అని వస్తే తప్పూ కాదు, ఒప్పూ కాదు, పేరా రుచి ఊసే ఎత్తలేదు. ఐఈఎల్‌టీఎస్‌లో దాన్ని ‘నాట్ గివెన్’ అంటారు. బ్యాంకు పరీక్షల్లో అదే సంగతి ‘ప్యాసేజీ నుంచి తేల్చలేనిది ఏది’ అన్న రూపంలో వస్తుంది. ఈ సైట్‌లో టాస్కులు ఎక్కువగా నిజమా తప్పా, జతపరచడం, ఖాళీలు, నాలుగింటిలో ఒకటి తరహాలో ఉంటాయి. ‘నాట్ గివెన్’ అనే మూడో గడి అలవాటు కావాలంటే మీరే ప్రతి పాఠానికీ రెండు ‘నాట్ గివెన్’ వాక్యాలు తయారుచేసి, తోటివాళ్ల చేత చేయించాలి. తయారుచేయడంలోనే సగం విద్య వచ్చేస్తుంది. ప్యాసేజీకి తగిన శీర్షిక ఏది, రచయిత ధోరణి ఏమిటి అన్న ప్రశ్నలు కూడా ఇలాగే చేర్చుకోవాలి.

ప్రతి జవాబు పక్కన, అది ప్యాసేజీలో ఏ లైన్లో దొరికిందో రాయడం తప్పనిసరి. లైన్ చూపలేని జవాబు కరెక్ట్ అయినా అది అదృష్టమే. పోయిన జవాబుల పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: మాట తెలియదు, సర్వనామం దేనికి చెందిందో పట్టుకోలేదు, ‘ఓన్లీ’, ‘ఆల్వేస్’ లాంటి మాట దాటేశాను, సొంత తెలివి వాడాను. నాలుగైదు పాఠాల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, ఒకే కారణం వరసగా కనిపిస్తుంది.

ప్యాసేజీ మధ్యలో ఖాళీలు పూరించే క్లోజ్ టెస్ట్ సాధన ఈ సైట్‌లో విడిగా లేదు గానీ తయారుచేసుకోవడం తేలిక. ప్యాసేజీని వర్డ్ ఫైల్లోకి తెచ్చుకుని కంట్రోల్ హెచ్ నొక్కండి. వెతకాల్సిన చోట ‘ఆఫ్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, బదులుగా నాలుగు అండర్‌స్కోర్లు పెట్టి, పూర్తి మాటలను మాత్రమే వెతికే గడిలో టిక్ పెట్టండి. ఆ టిక్ మర్చిపోతే ‘ఆఫీస్’ అన్న మాటలోని ముక్క కూడా ఎగిరిపోతుంది. ఇన్, ఆన్, యాట్, టు, ఫర్, విత్‌లకు కూడా అలాగే చేస్తే ప్రిపోజిషన్ల క్లోజ్ టెస్ట్ సిద్ధం. ఆర్టికల్స్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఖాళీ కనిపించిందంటే అక్కడ ఏదో ఒక ఆర్టికల్ ఉందని తెలిసిపోతుంది, ఏదీ రాని చోటును గుర్తుపట్టే అభ్యాసం జరగదు. అందుకని వాటిని ఖాళీ గీత లేకుండా పూర్తిగా తీసేసి, మిగిలిన జంట స్పేస్‌లను ఒంటి స్పేస్‌గా మార్చి, ఎక్కడెక్కడ ఏది పెట్టాలో పెన్సిల్‌తో పెట్టుకుంటూ రండి. చాలా చిరాకు పుట్టించే అభ్యాసం, అంతగా పనిచేసేదీ ఇదే.

టైము, నెగెటివ్ మార్కులు: సైట్ నేర్పనివి

సైట్‌లో ఎన్నిసార్లు తప్పు పెట్టినా మళ్లీ చేయవచ్చు. మార్కు కోత లేదు, పరుగు లేదు. బ్యాంకు ఆఫీసర్ల నియామకానికి జరిగే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలే, అంటే ప్రశ్నకు 40 సెకన్లు, ప్యాసేజీ చదివే సమయం కూడా అందులోనే. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్ 1లో నాలుగు విభాగాలకు కలిపి 100 ప్రశ్నలు, గంట సమయం. ఇంగ్లిష్ 25 ప్రశ్నలను పది పన్నెండు నిమిషాల్లో ముగిస్తేనే లెక్కలకు ఊపిరి దొరుకుతుంది. కాబట్టి రీడింగ్ పాఠం చేసేటప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ఐదు వందల మాటల ప్యాసేజీకి మొదట్లో నాలుగు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, రెండున్నరకు దిగాలి. గ్రామర్ టెస్టులకు మాత్రం టైము పెట్టకండి, అక్కడ తొందర అనవసరం.

గుడ్డిగా పెట్టడం గురించి ఒక లెక్క. సీజీఎల్ టైర్ 1లో కరెక్ట్ అయితే 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత, నాలుగు ఆప్షన్లు. ఏమీ తెలియకుండా పెట్టినా సగటున ప్రశ్నకు 0.125 మార్కు లాభం, ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే 0.33. టైర్ 2లో 3 మార్కులకు 1 కోత కాబట్టి గుడ్డి జవాబుకు సగటు లాభం సున్నా. బ్యాంకు ప్రిలిమ్స్‌లో ఐదు ఆప్షన్లు, పావు మార్కు కోత, అక్కడా సరిగ్గా సున్నా. అంటే ఈ రెండు చోట్ల కనీసం ఒక ఆప్షన్ ఎగిరితేనే చెయ్యి పెట్టాలి. ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో కోత లేదు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. జవాబులు ఎక్కించుకోవడానికి రీడింగ్‌లో అదనపు సమయం ఇవ్వరని కూడా గుర్తుంచుకోండి.

ఎవరికి ఎంత

సీజీఎల్ వాళ్లు గ్రామర్ విభాగం, పాత పేపర్లు సమానంగా తీసుకోవాలి. టైర్ 2లో ఇంగ్లిష్‌కు 45 ప్రశ్నలు, 135 మార్కులు. బ్యాంకుల వాళ్లకు బీ2, సీ1 రీడింగ్ పాఠాలే ఎక్కువ ఉపయోగం. ఐబీపీఎస్ తన పేపర్లు బయట పెట్టదు, బజారులో దొరికేవి రాసొచ్చినవాళ్ల జ్ఞాపకం మీద అల్లినవి. వాటిలో ప్యాసేజీలు సగం సగంగా ఉంటాయి కాబట్టి పూర్తి ప్యాసేజీల సాధనకు ఈ సైట్ మేలు. టెట్‌లో ఇంగ్లిష్ 30 మార్కులది, కానీ అందులో బోధనా పద్ధతుల ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి ఇక్కడ ఏమీ దొరకదు. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లకు ఇంగ్లిష్ అర్హత పేపరు మాత్రమే, 150 మార్కులు. ప్రెసీ (ఇచ్చిన భాగాన్ని కుదించి రాయడం), లేఖారచన వంటి రాత పనే అందులో ఎక్కువ. రైటింగ్ విభాగంలో లేఖల, ఈమెయిళ్ల నమూనాలు బాగున్నా, ప్రెసీ నేర్చుకోవడానికి వేరే దారి చూసుకోవాలి.

వాడకంలో ఇబ్బందులు చిన్నవే అయినా చెప్పాలి. సూచనలన్నీ ఇంగ్లిష్‌లోనే, తెలుగు సాయం ఎక్కడా లేదు. మాటలను లాగి ఖాళీల్లో పెట్టే అభ్యాసాలు చిన్న ఫోన్‌లో చేతికి అందవు, ఫోన్ అడ్డంగా తిప్పితే కొంత నయం. అభ్యాసం ముగిశాక ఏది కరెక్టో చూపిస్తుంది కానీ ఎందుకు కరెక్టో ప్రతిదానికీ చెప్పదు. ఆ ‘ఎందుకు’ కోసం గ్రామర్ పాఠాల అడుగున జనం అడిగిన ప్రశ్నలు, వాటికి సైట్ బృందం ఇచ్చిన జవాబులు చదవాలి. మీకు వచ్చిన సందేహం దాదాపు ఎవరికో ఒకరికి ముందే వచ్చి ఉంటుంది. చదవడానికి, అభ్యాసాలకు డబ్బు కట్టక్కర్లేదు. అదే సైట్‌లో డబ్బు కట్టే కోర్సులు, లైవ్ క్లాసుల ప్రకటనలు కూడా ఎదురవుతాయి. పోటీ పరీక్షల కోసమైతే వాటి జోలికి వెళ్లాల్సిన అవసరం కనిపించదు. వర్క్‌షీట్లు ప్రింట్ తీయించేటప్పుడు జిరాక్స్ షాపులో రెండు వైపులా వేయమనకండి, జవాబుల పేజీ ప్రశ్నల వెనకే వచ్చి కూర్చుంటుంది. చివరి పేజీ విడిగా తీయించి మడిచి పక్కన పెట్టుకోండి.